మామ పక్కన కూర్చుంటే

మా మేనమామ గద్వాలలో చీరలు నేస్తాడు. ఎక్కడ కూర్చున్నా పక్కవాళ్లను నవ్వించనిదే ఉండలేడు.

ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసినా మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువని, డాక్టర్లు రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. అందుకోసం రోజూ దండిగా నీళ్లు తాగి, ఉచ్చ బిగబట్టుకుని, ఆసుపత్రి హాల్లో అందరితోపాటు వంతు కోసం కూర్చోవాలి.

"చిన్నప్పుడు పక్క తడిపితే మాయమ్మ కొట్టె. ఇప్పుడు తడిపితే నర్సమ్మ కొడ్తది. నడుమల నాలుగొద్దులే రాజులెక్క బతికినం!" అన్నాడు మామ ఓరోజు.

భయంతో అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా మామలాగే బిగబట్టుకుని పక్కన కూర్చున్న ఖిల్లా ఘణపూర్ రైతొకడు పగలబడి నవ్వి, పంచె తడుపుకున్నాడు. నర్సు మామను వరండాలోకి వెళ్లగొట్టింది.

మర్నాడు మామ ఒక్కడే బయట బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, ఆ రైతు సంచి పట్టుకుని వచ్చి పక్కనే కూలబడ్డాడు.

"ఇయ్యాల ఇంకో పంచె తెచ్చుకున్న. చెప్పన్నా!" అన్నాడు.