పొడిగుడ్డవాడి ఇంట్లో పాలకప్పు

మా తమ్ముడు ప్లంబరు. చుట్టుపక్కల వీధుల్లో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు కానీ, పొడిగుడ్డ అంటే మాత్రం పిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు. భుజం మీద ఎప్పుడూ ఒక పొడిగుడ్డ ఉంటుంది. పైపుకి పైపు బిగించి, నీళ్ళు వదిలి, ఆ గుడ్డతో అతుకు శుభ్రంగా తుడిచి, దాని చుట్టూ పాత పేపరు ముక్క చుట్టి కూర్చుంటాడు. కాగితం మీద ఇసుమంత తడి కనిపించిందా, మళ్ళీ అంతా విప్పుతాడు. ఇంటివాళ్ళు "కారట్లేదుగా బాబూ, ఇక వెళ్ళు" అని మొత్తుకున్నా కదలడు. వాడు బిగించిన అతుకు కారిందన్న మాట ఇంతవరకూ నా చెవిన పడలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గొప్పగానే ఉంటుంది. కానీ అలాంటివాడితో ఒకే ఇంట్లో బతకడం ఉందే, అబ్బబ్బ, ఆ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

వాడు స్థిమితంగా కూర్చోవడం నేను చూడలేదు. భోజనం మధ్యలో పక్కింటి కుళాయి చప్పుడు వినిపిస్తే ఎంగిలి చేత్తోనే లేచిపోతాడు. నేను మంచినీళ్ళు తాగుతుంటే నా గడ్డం వంక చూస్తాడు. "ఏంట్రా?" అంటే, "ఏం లేదక్కా" అని నీళ్ళు నములుతాడు. ఎక్కడ చుక్క పడుతుందోనని వాడి దిగులు. నాకు తెలియదా!

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు మేం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. మా అమ్మకి తలనొప్పి వచ్చిందంటే కళ్ళు తెరవలేకపోయేది. గది మూల కుళాయి టప్పు టప్పుమని కారుతూనే ఉండేది. ఒక్కో చుక్కకీ అమ్మ మొహం ముడుచుకుపోయేది. ఇంటాయన అదిగో ఇదిగో అన్నాడే కానీ మనిషిని పంపిన పాపాన పోలేదు. అప్పుడు వీడు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రానివాడు, కుట్టు డబ్బాలోంచి దారం తీసి కుళాయి మూతికి కట్టి బకెట్లోకి వదిలాడు. చుక్కలు దారం వెంట చప్పుడు లేకుండా జారాయి. అమ్మ నిద్రపోయింది. దారం ఊడిపోతుందేమోనని వీడు దాని పక్కనే కూర్చున్నాడు. ఇన్నేళ్ళయినా అక్కడినుంచి లేవలేదనిపిస్తుంది నాకు.

అలాంటివాడికి లేకలేక ఒక కూతురు పుట్టింది. మేం పిడుగు అని పిలుచుకుంటాం. నడక వచ్చింది, కొరకడం వచ్చింది, నా కళ్ళజోడు లాగి విసరడం వచ్చింది. పాలసీసా మాత్రం వదలదు. మామూలు రోజుల్లో అయితే పోనీలే అనుకునేవాళ్ళం. కానీ మా మరదలు సోమవారం పనిలో చేరాలి.

మా మరదలిది కళ్ళద్దాల కార్ఖానాలో పని. అరగదీసిన అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, గీత ఉందో లేదో చూసి చెప్పాలి. పిల్ల పుట్టాక ఇంట్లో ఉండిపోయింది. సోమవారం రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతామని కబురొచ్చింది. నేనా, బస్సు డిపోలో టికెట్లిచ్చే కిటికీ వెనక పొద్దున కూర్చుంటే సాయంత్రానికే లేచేది. కార్ఖానా పక్కనే పిల్లల్ని చూసుకునే గది ఒకటుంది. దాన్ని నడిపే పెద్దావిడ కచ్చితంగా చెప్పేసింది.

"సీసా మాత్రం మా గడప దాటకూడదమ్మా. ఒకళ్ళది ఒకళ్ళు నోట్లో పెట్టుకుని గదిలో పిల్లలంతా మంచాన పడ్డారు. మా దగ్గర కప్పుతోనే. నేర్పి తీసుకురండి."

ఆ రోజు మరదలు ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ నాతో అంది: "నాకు పిచ్చెక్కిపోతోంది వదినా. గాజు గ్లాసు కడిగితే చాలు, లైటుకి ఎదురుగా పెట్టి గీతలు వెతుక్కుంటున్నాను. మీరు నవ్వకండి."

నేను నవ్వలేదు. నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? ఆ గ్లాసు పట్టుకుని ఆమె నిలబడటం నేనూ చూశాను.

"కప్పేగా, నేను నేర్పుతా" అని మా వాడు రంగంలోకి దిగాడు. చిన్న కప్పు తెచ్చి, అడుగున కాసిని పాలు పోసి, పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. అది కప్పు అంచు నోట్లో పెట్టుకుంది. ఒక చుక్క గడ్డం మీదికి జారింది.

"ఆఁ! ఆఁ! పడింది, పడింది!"

అంతే, భుజం మీది గుడ్డ దాని మూతి మీద ఉంది. పిల్ల ఉలిక్కిపడి నోరు మూసేసింది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ చుక్క, మళ్ళీ కేక, మళ్ళీ గుడ్డ. సాయంత్రానికి కప్పు కనబడగానే పిల్ల ముందు వాళ్ళ నాన్న భుజం వంక చూడటం, తర్వాత మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఆ గుడ్డ అవతల పారెయ్" అన్నాను.

"పాలు మెడ మడతల్లోకి పోతే ఒరుసుకుపోతుందక్కా" అన్నాడు. మాట తప్పించడంలో మాత్రం వాడిని మించినవాడు లేడు.

మర్నాడు పనిలోకి వెళ్ళలేదు. మెట్ల కింద సామాన్ల సంచీ బోర్లించి ఏదో గీకుతూ, కోస్తూ, ఊదుతూ కూర్చున్నాడు. లేస్తాడు, తిరుగుతాడు, మళ్ళీ కూర్చుంటాడు. మరదలు గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. నాకూ కాలు నిలవక వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాను. చివరికి వాడు మొహం వెలిగిపోతూ వచ్చాడు. చేతిలో మూత ఉన్న కప్పు, మూతకి చిన్న ముక్కు. లోపల రబ్బరు వాషరు, దాని కింద చిన్న పొర. పాలు పోసి, బిగించి, పాత పేపరు మీద తలకిందులుగా నిలబెట్టాడు. అందరం ఆ పేపరు వంక గుడ్లప్పగించి చూశాం. తడి లేదు. కప్పు ఊపాడు, విదిల్చాడు. ఊహూఁ, ఒక్క చుక్క రాలలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు, ఛాతీ విరుచుకుని.

పిడుగు ఆ ముక్కు నోట్లో పెట్టుకుంది. పీల్చింది. మొహం ఎర్రగా అయ్యేదాకా పీల్చింది. బయటికి కారనిది లోపలికి మాత్రం ఎలా వస్తుంది! కప్పు గోడకేసి కొట్టి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. వాడు పొర కాస్త కోసి వదులు చేశాడు. ఈసారి అది ముక్కుని చిగుళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం సీసాలాగే చప్పరించింది. పెద్దావిడకి చూపిస్తే ఒక్కమాటలో తేల్చేసింది. "పాలపీక పోయి ముక్కు వచ్చింది, అంతేగా బాబూ. మూత తీసి తాగించండి."

ఆదివారం మధ్యాహ్నానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల పొద్దున్నుంచి నాలుగు మెతుకులు తినడమే కానీ పాలు ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మరదలు లేచి, అల్మరా పైన దాచిన సీసా దించి, కడిగి, పాలు పోసింది.

"దానికి సీసా ఇచ్చేస్తున్నానండీ. నేను పని మానేస్తాను. రేపు వెళ్ళి చెప్పొస్తాను" అంది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

మా వాడు గుడ్డ తీసి బల్ల తుడవడం మొదలుపెట్టాడు. బల్ల మీద ఏమీ లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సీసా అక్కడ పెట్టమ్మాయ్!" అన్నాను. వాడి చేతిలోంచి గుడ్డ లాక్కుని నా కొంగు కింద దోపుకున్నాను. "నువ్వు బయటికి నడు. నీ మొహం కనిపిస్తుంటే పిల్ల ఎలా తాగుతుందిరా?"

వాడు బయటికి వెళ్ళాడు. తాగిందనుకుంటున్నారా? కప్పు తోసేసి, తప్పటడుగులు వేసుకుంటూ పోయి, తలుపు దగ్గర "నాన, నాన" అని బాదింది. ఇదెక్కడి గోలరా దేవుడా! వాడుంటే తాగదు, లేకపోతే అసలే తాగదు. అప్పుడు పిల్ల వాడి భుజం వంక చూడటం గుర్తొచ్చింది. పిల్ల చూసేది కప్పుని కాదు, వీణ్ణి. వీడు భయపడేదానికి అదీ భయపడుతోంది.

తలుపు తీసి వాణ్ణి లోపలికి లాగి, పిల్లకి ఎదురుగా నేల మీద కూర్చోబెట్టాను. వాడి చేతిలో ఒక కప్పు పెట్టాను.

"తాగు."

శుభ్రంగా తాగాడు. పెదవి కూడా తడవలేదు.

"అలా కాదు. మీద పోసుకో."

"ఏంటక్కా నువ్వు!"

"ఏంటక్కా లేదు, గీటక్కా లేదు. అది పాలు తాగాలంటే మీద పడతాయి. పడితే ఏమీ కాదని దానికి నువ్వు చూపించాలి. పోసుకో."

కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని వంచాడు. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ వంచాడు. మళ్ళీ ఆగింది. "నావల్ల కావట్లేదక్కా" అన్నాడు, చిన్నపిల్లాడిలా. నా కోపమంతా ఎటుపోయిందో.

మరదలు వచ్చి వాడి పక్కన కూర్చుంది. వాడి మోకాలి మీద చెయ్యి వేసింది.

వాడు కళ్ళు గట్టిగా మూసుకుని కప్పు వంచేశాడు. పాలు గడ్డం మీదుగా, మెడ మీదుగా, చొక్కా లోపలికి పోయాయి. ఒక చుక్క మోచేతి నుంచి నేల మీద పడింది. టప్పు. వాడి చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయి, గుడ్డ లేక, గాల్లో తడుముకుంది. అయినా లేవలేదు. ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పిడుగు నోరు తెరుచుకుని చూసింది. ఎవరైనా కేక పెడతారేమోనని నావైపు, వాళ్ళమ్మవైపు చూసింది. ఎవరూ పెట్టలేదు. కిలకిలా నవ్వింది. తడిసిన చొక్కాని వేలితో పొడిచి మళ్ళీ నవ్వింది. నేను రెండో కప్పు దాని చేతుల్లో పెట్టాను. సగం గౌను మీద పోసుకుంది. వాళ్ళ నాన్న మొహం చూసింది. వాడు పళ్ళు బిగబట్టి నవ్వుతున్నాడు. మళ్ళీ కప్పు ఎత్తింది.

చెవి వాడిది కదా, గుటక ముందు వాడికే వినిపించింది.

"మింగింది! అక్కా, మింగిందే!"

పాలు నేల మీద పారుకుంటూ వచ్చి వాడి కాలి కింద చేరాయి. వాడు కాలు తీయలేదు. ఏడుస్తున్నాడు, వెర్రినాగన్న. మరదలు సీసా తీసుకెళ్ళి అందులో పాలు గిన్నెలోకి వంపేసింది.

సోమవారం వాణ్ణి నమ్మి పంపడానికి నాకేమైనా పిచ్చా? నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మరదలు పనిలోకి వెళ్ళాక మేమిద్దరం ఆ గది కిటికీ దగ్గర నిలబడ్డాం. పిడుగు కప్పు ఎత్తింది. ఒళ్ళంతా పోసుకుంది. ఒక ఆయా గుడ్డ పట్టుకుని గబగబా వస్తోంది.

"తుడవకండమ్మా! ముందు తాగనివ్వండి!" అని కిటికీలోంచి కేకేశాడు. "సాయంత్రం నేనొచ్చి గదంతా తుడిచి వెళ్తా."

ఆ రోజు పొద్దుగూకే వేళకి మరదలు ఇంటికొచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, నడుం పట్టేసింది. అయినా మాట ఆగట్లేదు. చెప్పులు విప్పకుండానే, అద్దంలో ఇంకెవరికీ కనబడని గీతని తాను ఎలా పట్టుకుందో చెబుతూనే ఉంది. వాడు గోడకి చేరబడి, పిడుగుని ఒళ్ళో పెట్టుకుని, కప్పు అడుగున చెయ్యి ఆనించి వింటున్నాడు.

వంటింట్లో కుళాయి కారడం మొదలైంది. టప్పు, టప్పు. వాడు తలెత్తాడు. ఇక లేచినట్టే అనుకున్నాను.

"రేపు చూస్తాలే అక్కా" అన్నాడు. "దీని పాలు ఇంకా అయిపోలేదు."

నేను లోపలికి వెళ్ళాను. కుట్టు డబ్బాలోంచి దారం తీసి కుళాయికి కట్టాను.