బాపు అడిగిన అప్పాలు

పక్షవాతం వచ్చాక బాపు దగ్గర పెద్దగా మాటలు మిగల్లేదు. "ఆఁ" అనేవాడు, "ఊఁహూ" అనేవాడు. వీటిని మాటల్లో చేర్చవచ్చో లేదో నాకు తెలియదు. నికరంగా మాట అనదగ్గది ఒక్కటే నిలిచింది: "అప్పాలు".

ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పిన మనిషి. సంధులు పోయాయి, సమాసాలు పోయాయి, క్రియలన్నీ పోయాయి. ఒక నామవాచకం మిగిలింది, అదీ బహువచనంలో.

ఇంకేదైనా మాట మిగిలి ఉంటే మా పని సులువయ్యేదేమో. కోస్తా వాళ్లకు అప్పమంటే బెల్లంతో చేసే ఒక వంటకం. మా దిక్కు అలా కాదు. సకినాలూ అప్పాలే, గారెలూ అప్పాలే, గరిజలు, మురుకులు, లడ్డూలు అన్నీ అప్పాలే. నూనెలో కాగినదేదైనా, ఒక్కోసారి నూనె ముఖం చూడనిదైనా, డబ్బాలోకి వెళ్లేదైతే దాని పేరు అప్పాలు. పోచంపల్లికి పోయి మగ్గం ముందు నిలబడి "గుడ్డ గావాలె" అంటే ఎలా ఉంటుందో, బాపు అప్పాలు అడగడం మాకు అలా ఉండేది.

దవాఖాన నుంచి రామన్నపేటలోని ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట అన్నాడు. మింగడం తగ్గుతోంది, ఇష్టమైనవి మెత్తగా చేసి పెట్టండి, నోటితో తినడం ఆగిపోతే ముక్కులోంచి పైపు వెయ్యాల్సి వస్తుంది అని. అమ్మకు పైపు అన్న మాట ఒక్కటే వినబడింది. ఆమె ఇల్లు చేరగానే బాపు మంచం పక్కన కూర్చుని, "ఏం తింటవో జెప్పు, ఏదైనా జేస్త" అంది. బాపు ఆమెను చాలాసేపు చూసి "అప్పాలు" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఆదివారాలు అలా మొదలయ్యాయి. నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాడిని, మాకు తీరిక దొరికేది ఆ ఒక్కరోజే. నేనూ మా ఆవిడా బస్సు దిగి వచ్చేసరికి అమ్మ పొయ్యి మీద మూకుడు పెట్టి ఉండేది. బయట ఎండకు కాకి కూడా కనబడని వేళ, మేం ముగ్గురం నూనె ముందు కూర్చునేవాళ్లం.

మొదటి ఆదివారం అమ్మకు అనుమానమే లేదు. "నాకు ఎర్క లేదా? సకినాలే. పెండ్లయినకాంచి చూస్తున్న." బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, పాత చీర పరిచి దాని మీద చుట్లు తిప్పింది. కాల్చినవాటిని పాలల్లో నానబెట్టి మెత్తగా నలిపి చెంచాతో పెట్టింది. సకినానికి ఉన్న పరువు కరకరలాడడంలోనే ఉంది. పాలల్లో నానిన సకినం ఎలా ఉంటుందో నేను వర్ణించను.

బాపు ఒక చెంచా మింగాడు. రెండో చెంచాకు నోరు తెరవలేదు. కుడి చెయ్యి పడిపోయింది కనుక ఎడమ చేత్తో గిన్నెను పక్కకు నెట్టి, అదే చేత్తో బయటి దర్వాజ వైపు చూపించి "అప్పాలు" అన్నాడు.

"గివ్వి అప్పాలు గావా మరి? గడ్డపారలా?" అంది అమ్మ.

బాపు మళ్లీ దర్వాజ వైపే చూపించాడు.

"బయట పారెయ్యమంటుండు," అమ్మ నా వైపు తిరిగి చెప్పింది. "ఇన్నేండ్లు కిక్కురుమనకుండ తిన్నడు. ఇప్పుడు నోరు వడిపోయినంక వంకలు వెడ్తుండు."

నవ్వాం. నవ్వొచ్చి కాదు, ముగ్గురిలో ఒకరైనా నవ్వకపోతే ఇంకొకరు ఏడుస్తారని.

తర్వాతి వారం మా ఆవిడ గరిజలు చేసింది. ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు. లోపల పెట్టే పొడి దగ్గర అత్తాకోడళ్లకు మాటా మాటా వచ్చింది.

"మా దిక్కు పుట్నాలు, ఎండుకొబ్బరి పెడ్తం అత్తమ్మా."

"మీ దిక్కు అన్నింట్ల పుట్నాలే. రవ్వ వెయ్యి."

"మామయ్య మా పెండ్లికి వచ్చినప్పుడు మా అమ్మ జేసిన గరిజలు ఎన్ని తిన్నరో అడుగుండ్రి."

"ఎట్ల అడగాలె బిడ్డా," అంది అమ్మ. అక్కడితో ఆ గొడవ ఆగిపోయింది. పుట్నాలే వేశారు.

బాపు అంచు కొరికాడు, లోపలి పొడి నాలిక మీద పడింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక దర్వాజ చూపించాడు. మా ఆవిడ పళ్లెం తీసి వంటింట్లోకి వెళ్లింది. ఆ వారం కాలేజీలో నా మధ్యాహ్న భోజనం గరిజలు.

ఒక ఆదివారం నేను కూడా రంగంలోకి దిగాను. ఫోనులో వీడియో చూసి, కుక్కరులో ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి కేకు చేశాను. అప్పాలు అన్నది విశాలమైన మాట కనుక అందులో కేకుకూ జాగా ఉంటుందని నా వాదన. ఇసుక మాత్రం బాగా కాగింది. బాపు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు. నా డిగ్రీ మార్కుల మెమో చూసినప్పుడూ సరిగ్గా ఇలాగే చూశాడు. దర్వాజ చూపించడానికి కూడా ఆయన తొందరపడలేదు.

గారెలు అయ్యాయి, సత్తుపిండి అయింది, పోలెలు అయ్యాయి. ప్రతిసారీ అదే. కాస్త తినడం, గిన్నె నెట్టడం, చెయ్యి దర్వాజ వైపు లేపడం. మిగిలినవి మేం తినేవాళ్లం. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఎవరికీ రుచి తెలియకుండా, బాపు గొంతులో గుటక దిగే చప్పుడు వింటూ తినేవాళ్లం. ఒక్కోసారి ఆ చప్పుడు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చేది. ఆయన ఎడమ చేతి వాచీ మోచెయ్యి దాకా జారుతుండేది. అమ్మ దానికి ఇంకో బెజ్జం వేయించుకొచ్చింది, తర్వాత మరో బెజ్జం.

మలీద చేసిన రోజు ఆశ పుట్టింది. సజ్జరొట్టెలు వేడివేడిగా చిదిమి బెల్లం కలిపి పిసికింది అమ్మ. బాపు తిన్నాడు. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు. అమ్మ కళ్లతో మమ్మల్ని పిలిచింది, చూడండి చూడండి అన్నట్టు. అంతలో పొలమారింది. ముఖం నల్లబడింది. నేను వెనక నుంచి లేపి పట్టుకున్నాను, మా ఆవిడ వీపు మీద చరిచింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. ఊపిరి అందగానే ఆయన చేసిన మొదటి పని ఎడమ చెయ్యి లేపడం.

"చాలు. ఇంగ మూకుడు పెట్ట," అంది అమ్మ. పెట్టలేదు కూడా.

మళ్లీ పెట్టింది మా ఆవిడ కోసం. ఆమె వాళ్ల పుట్టింటికి పోవాల్సి వచ్చింది. కోడలు వట్టి చేతులతో పోతే మన పరువు ఏం కావాలని అమ్మ సకినాలు, గారెలు చేసింది. స్టీలు డబ్బాలో సర్ది, మూత పెట్టి, తువ్వాలలో మూట కట్టి బాపు మంచం మీదుగా మా ఆవిడకు అందించింది. అమ్మకు మంచం చుట్టూ తిరిగి రావడానికి ఓపిక లేక అలా అందించింది, అంతే.

బాపు ఆ మూట పట్టుకున్నాడు. ఎడమ చేత్తో, ముడి దగ్గర. వదల్లేదు.

"అప్పాలు," అన్నాడు. "అప్పాలు. అప్పాలు." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మూట పట్టుకున్న చెయ్యినే దర్వాజ వైపు లాగుతున్నాడు.

"గవ్వే తింటవా? మొన్న పెడితే ఒద్దంటివి," అని అమ్మ ముడి విప్పబోయింది. బాపు "ఊఁహూ" అని అరిచాడు. అంత గట్టిగా అరవగలడని మాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆవిడ మూట వైపు చూసింది, దర్వాజ వైపు చూసింది.

"అత్తమ్మా, మామయ్య తినేటందుకు అడుగుతలేడు. పంపిచ్చేటందుకు అడుగుతుండు."

మా దిక్కు ఆడబిడ్డ ఇంటికి ఎవరూ ఊరికే పోరు. చెల్లెనో బిడ్డనో చూసి రావాలంటే ముందు ఇంట్లో మూకుడు పెట్టాలి. "అప్పాలు వట్కపోయిండు" అంటే చాలు, ఎక్కడికని ఎవరూ అడగరు. ఇది ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలుసు, అమ్మకు తెలుసు. నోట్లో పెట్టుకునే వస్తువు అనుకుని ఎండాకాలమంతా చెంచాలతో తిరిగాం.

అమ్మ ముడి వదిలేసి గోడకు ఆనుకుంది. "చెల్లెకు," అంది.

"ఆఁ," అన్నాడు బాపు.

మేనత్త మా గడప తొక్కక నా పెళ్లంత వయసయింది. నా పెళ్లికి బాపు కొత్త ఫోను కొన్నాడు. ఆ మోజులో శుభలేఖ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో అందరికీ ఒకేసారి పంపి, పిలుపులు అయిపోయాయన్నాడు. చెల్లె కూడా ఆ అందరిలో ఉంది. ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవాల్సిన మనిషి. "మా అన్నకు నేను గ్రూపుల మనిషినైతి" అని ఆమె ఎవరితోనో అంది, అది ఇల్లు చేరింది. పెళ్లికి రాలేదు. మళ్లీ పిలిస్తే తక్కువైపోతామని బాపు పోలేదు. తెలుగు మాస్టరు, తప్పు దిద్దుకోవడం ఇతరుల పని అనుకునేవాడు.

ఆ మూటతో నేను షాద్‌నగర్ పోయాను. మేనత్త అక్కడ కొడుకు దగ్గర ఉంటోంది; అతను కంపెనీలో పనిచేస్తాడు, కిరాయి ఇల్లు. మేనత్తే తలుపు తీసి నన్నూ మూటనూ చూసింది.

"ఎవలు పంపిర్రు?"

"బాపు, అత్తా."

"మా అన్నకు నోరు వడిపోయిందన్నరు. ఎట్ల జెప్పిండు?"

"అప్పాలు అన్నడు. అదొక్కటే అంటుండు దవాఖానకాంచి వచ్చినంక. మాకు సమజైతందుకు గిన్ని దినాలు పట్టింది."

"సదువుకున్నోళ్లు గదా అల్లుడా. టైం పడ్తది."

నీళ్లిచ్చింది. మూట ముట్టుకోలేదు. దానికి కాస్త దూరంగా కూర్చుని, "దవాఖానకు వచ్చిన," అంది. "మీ అమ్మ చాయకు పోయినప్పుడు. అద్దంల నుంచి చూసి మల్లిన. పిలువని ఇంట్ల ఏమని మాట్లాడాలె?"

నేను గ్లాసులో మిగిలిన నీళ్లు తాగాను. ఇలాంటి చోట్ల నా జోకులు పనిచెయ్యవని నాకు ముందే తెలుసు.

ఆమె లేచి చీర మార్చుకుని వచ్చింది. "పా. ఆ మూట వట్కో. అన్న అప్పాలు అన్న చేతికెల్లి తీసుకుంట. నీ చేతికెల్లి నాకెందుకు?"

బస్సులో మూట ఆమె ఒళ్లోనే ఉంది. హైదరాబాదులో బస్సు మారేటప్పుడు ఒక్కసారి అడిగింది, "బువ్వ తింటుండా?" తింటున్నాడని చెప్పాను. అది పాత సమాచారం.

ఇంటికి చేరేసరికి అమ్మ బాపును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. గడ్డం గీయించింది. "రా వదినె. కాళ్లు కడుక్కో," అంది మేనత్తతో, ఆమె నిన్ననే వెళ్లి వచ్చినట్టు.

మేనత్త మూట విప్పి డబ్బాను బాపు పక్కన పెట్టి, "ఇయ్యి అన్నా," అంది.

బాపు ఎడమ చెయ్యి లేచింది. డబ్బా దాకా వచ్చి ఆగింది. మా దిక్కు ఎడమ చేత్తో ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం నయం. ఆడబిడ్డకైతే చెప్పనే అక్కర్లేదు. ఆయన ఆ చేతిని వెనక్కు తీసుకున్నాడు. దుప్పటి మీద పడి ఉన్న కుడి చెయ్యి వైపు చూశాడు, ఎవరో అక్కడ మరిచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు. తర్వాత ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, లేపి, డబ్బా మీద వేశాడు. వేళ్లు ముడుచుకోలేదు. అయినా నెట్టాడు.

అమ్మ ముందుకు వంగింది. "ఉండు వదినె. ఆయిననే ఇయ్యనీ," అంది మేనత్త.

డబ్బా ఒరిగింది. మూత ఊడి గచ్చు మీద దొర్లింది. సకినాలు దుప్పటి మీద పడి విరిగాయి. మేనత్త మంచం అంచుకు మోకరిల్లి కొంగు పట్టింది.

"పడ్తున్నయి అన్నా. ఇయ్యి."

ఆయన ఆ చచ్చిన చేత్తో ఒక్కొక్క ముక్కనూ అంచు దాకా తోశాడు. అవి ఆమె కొంగులో పడ్డాయి. చాలాసేపు పట్టింది. మేం ఎవరం సాయం చెయ్యలేదు. అన్నీ అయిపోయాక ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఉప్పు తక్కువైంది వదినె."

"నీకెప్పుడు సరిపోయింది గనుక," అంది అమ్మ.

ఆ రాత్రి మేనత్త ఉండిపోయింది, పొద్దున వెళ్లింది. వెళ్తుంటే బాపు దర్వాజ వైపు చూశాడు, చెయ్యి మాత్రం లేపలేదు.

ఆ తర్వాత ఆయన అప్పాలు అనలేదు. కొన్నాళ్లు మేం గమనించలేదు. ఒక ఆదివారం అమ్మ అడిగింది, "అప్పాలు జెయ్యనా? ఏం జెయ్యాలె?" బాపు ఆమెను చూశాడు. పెదవులు కదిలించాడు. ఏమీ రాలేదు. అమ్మ మళ్లీ అడిగింది, నేనూ అడిగాను, మా ఆవిడ పుట్నాల ఆశ కూడా పెట్టింది. ఆ మాట వెళ్లిపోయింది. ఆయన అడిగింది దొరికితే మిగతా మాటలు ఒక్కొక్కటీ వెనక్కు వస్తాయని మాకు లోపల్లోపల ఒక లెక్క ఉండేది. బాపు అయితే ఉన్న ఒక్కటీ వాడేసి కూర్చున్నాడు.

వానలు పడ్డాక గుటక పూర్తిగా ఆగింది. పైపు వేశారు. మేనత్త వారం వారం వస్తోంది, వచ్చి మంచం పట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది.

పైపులోంచి పోసే పాలకు రుచి అక్కర్లేదని నర్సు అమ్మకు విడమరిచి చెప్పింది. నాలికకు తగలకుండా నేరుగా కడుపులోకే పోతాయి కదా అంది. అమ్మ తలూపింది. రోజూ పాలల్లో బెల్లం కరిగించి, యాలకుల పొడి వేసి, పలుచని గుడ్డతో వడగడుతుంది. సిరంజిలోకి తీసే ముందు అరచేతిలో ఒక చుక్క వేసుకుని, తీపి సరిపోయిందో లేదో నాకి చూసుకుంటుంది.