పెద్దన్నకు తోడు

ఎలుక కన్నా పెద్దగా, కుందేలు కన్నా చిన్నగా ఉండే గినీ పిగ్ ఒకటి కల్లూరు జీవమ్మ ఇంట్లో ఉంది. దాని పేరు పెద్దన్న. జతగాడు చనిపోయాక అది మేత సరిగా ముట్టడం లేదు. అందుకే తోడుగా రెండు మగ గినీ పిగ్ పిల్లలను తెచ్చింది జీవమ్మ. ఇంటికొచ్చిన చుట్టాలను గడపలో నిలబెట్టకూడదని నేరుగా పెద్దన్న గూట్లోకే వదిలింది. పెద్దన్న రోమాలు నిక్కబొడుచుకుని, పళ్లు టకటకలాడిస్తూ మీదికి దూకింది.

"మాయమ్మ నీ వంటింట్లోకొస్తే నువ్వు ఊరుకుంటాండావా? ఇదీ అంతే మే," అని నవ్వాడు భర్త గాబ్రియేలు. "వాపసు ఇచ్చేద్దాం."

"ఇచ్చేస్తే ఇది బతకదయ్యా."

ఆమెకు చర్చిలో ప్రేమవిందు గుర్తొచ్చింది. ఒకరితో ఒకరు మాటల్లేనివాళ్లు కూడా అక్కడ ఒకే చాప మీద కూర్చుని తింటారు. ఆ చాప ఎవరి సొంతమూ కాదు. వసారా కడిగి, కొత్త చాప పరిచి, నడుమ కొత్తిమీర పొడుగ్గా పేర్చింది. "ప్రభువా, వీటికి శాంతి సమాధానమియ్యి," అంటూ మూడింటినీ దింపింది.

పెద్దన్న గుర్రుమంటూ, నడుము ఊపుతూ వాటి చుట్టూ తిరిగింది. పిల్లలు తలలు వంచాయి. చివరికి అది ఒక కాడను నోట కరుచుకుంది. చిన్నదొకటి ధైర్యం చేసి ఆ కాడ రెండో కొసను అందుకుంది. పెద్దన్న కరవలేదు. తన కొస తాను గబగబా నమిలింది.

"యో, ఇంగో కట్ట తేపో! శానా ఆకలి మీదుండాది," అంది జీవమ్మ.