చుక్క మీద బతికిన రాజు

మా బావ పట్టుకుంటే వదిలే రకం కాదు. పట్టుకున్నదైనా పేరున్న పాదుషానా? మధ్యయుగాల ఇరాన్‌లో నాలుగు కొండకోటలేలి మాయమైన ఒక అనామక వంశాన్ని పట్టుకున్నాడు.

ఆ వంశంలో ఎవరికీ తెలియని రాజొకడున్నాడని కనిపెట్టాడు. ఆధారం ఒక వెండి నాణెం, అదీ మసకబారిన పాత ఫొటోలో. ఆ లిపిలో అక్షరం మీద చుక్క ఉంటే ఒక పేరు, లేకపోతే మరో పేరు. నాణెం మీద చుక్క ఉంది కాబట్టి బావకు రాజు ఉన్నాడు. వాడి కోసం కాలేజీ ఉద్యోగం వదిలేశాడు, కళ్లు పాడుచేసుకున్నాడు. అక్క ఆ రాజుని "మా పెద్దాడు" అనేది. రెండుసార్లు కడుపు పోయి, ఆ తర్వాత పిల్లలే కలగని మనిషి అలా అంటుంటే నాకు ఒళ్లు మండేది.

ఇవాళ పొద్దున మ్యూజియం వాళ్లు నాణేన్ని కడిగి కొత్త ఫొటో పంపారు. చుక్క లేదు. అది మట్టి. చుక్క పోగా మిగిలిన పేరు, ఆ రాజుకి తండ్రి అని బావ రాసినవాడిది. ఒక్క చుక్క బావకు పట్టపగలే చుక్కలు చూపించింది.

నేను వెళ్లేసరికి కంప్యూటర్ తెరను చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

"ఇంకో నాణెం దొరకొచ్చు కదా బావా," అన్నాను.

"లేనివాడు నాణేలెలా వేయిస్తాడురా?" అంటూనే మళ్లీ తుడిచాడు.

సంగతి తెలియని అక్క టీ తెచ్చింది. "పెద్దాడు ఏమంటున్నాడండీ?"

"వాడు లేడే. అసలు పుట్టనే లేదు."

అక్క కప్పు బల్ల మీద పెట్టింది.

"వీడూ నిలవలేదా?" అంది.