పత్తికి మందు కొట్టిన చెయ్యి

మా అన్నయ్య జావెలిన్ విసిరేవాడు. అమ్మ దాన్ని ఈటె అనేది, వీధిలో వాళ్ళు బల్లెం అనేవాళ్ళు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అక్కడి డ్రిల్లు మేష్టారు అన్నయ్య భుజం చూసి దాన్ని చేతికిచ్చాడట. ఆ చేత్తోనే జిల్లా పోటీలు గెలిచాడు, రాష్ట్రానికి ఆడాడు, రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఎనభైల చివర్లో, ఢిల్లీలో జరిగే ఆసియా దేశాల పోటీలకి మన దేశం తరఫున ఎంపికయ్యాడు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. నాన్న తల దించుకుని నిలబడ్డాడు గానీ, మొహంలో నవ్వు ఆగలేదు.

మాది ప్రత్తిపాడు పక్కన చిన్న ఊరు. నాన్న మిషన్ బళ్ళో మేష్టారు. బడి వదిలాక కౌలుకి తీసుకున్న పత్తిచేను చూసుకునేవాడు. ఆ ఏడు ఎంత మందు కొట్టినా పచ్చపురుగు చావలేదు. ఒకరు కొడితే పురుగు పక్క చేలోకి పోతుందని ఊరంతా ఒకేసారి డబ్బాలు భుజానికెత్తారు. కూలికి మనిషి దొరకలేదు. నాన్నకేమో ఉబ్బసం.

క్యాంపు అయిపోయి, ఢిల్లీ పోటీలకి ఇంకా మూడు వారాలుందనగా, నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోదామని అన్నయ్య వచ్చాడు. మర్నాడు పొద్దున్నే నాన్న దగ్గుకుంటూ మందు డబ్బా ఎత్తుకోవడం చూశాడు.

"అది నాకివ్వు నాన్నా. నేను కొడతా."

"ఒద్దురా. ఢిల్లీ పొయ్యేవాడివి. చేతికేమన్నా అయితే?"

"ఏమౌద్ది? ఊరంతా కొట్టట్లా?"

నేను అప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను, సెలవని ఇంట్లోనే ఉన్నాను. కాలవ నుంచి బిందెతో నీళ్ళు మోసి డబ్బాలో పోసింది నేనే. పొద్దెక్కే కొద్దీ గాలి దిశ మారింది. మందంతా అన్నయ్య మీదికే కొట్టింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఇంక చాల్లే అన్నయ్యా" అంటే, "ఈ నాలుగు సాళ్ళూ అయిపోనియ్యవే" అన్నాడు. ఆ సాళ్ళు పూర్తికాకముందే గట్టు మీదికొచ్చి కూలబడ్డాడు.

"కళ్ళు మసకలేస్తున్నాయే" అన్నాడు. నోట్లోంచి చొంగ కారింది. వాంతి చేసుకున్నాడు. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి.

పక్క చేనాయన ట్రాక్టర్ మీద గుంటూరు తీసుకెళ్ళాం. ఏ మందో డాక్టరుకి తెలియాలని ఖాళీ సీసా చీర కొంగులో చుట్టి పట్టుకెళ్ళాను.

డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వార్డులో మంచాలన్నీ పురుగుమందు కేసులే. సీసా చూసి, "ఎంత తాగాడు?" అన్నాడు.

"తాగలేదండీ. చేనుకి కొట్టాడు."

"అందరూ ముందు ఇట్లాగే చెబుతారమ్మా" అన్నాడాయన. కోపంగా అనలేదు. అంటూనే సూది గుచ్చేశాడు. ఆ సూదుల మీదే అన్నయ్య బతికాడు.

తెలివొచ్చిన రోజునే కానిస్టేబుల్ వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "ఎందుకు తాగావబ్బాయ్? ఇంట్లో గొడవా? ఎవరన్నా అమ్మాయా?" అని అడిగాడు.

నాలుక పిడచకట్టుకుపోయి అన్నయ్యకి మాట సరిగ్గా రావట్లేదు. "తాగలేదండీ. కొట్టాను. మా నాన్న చేనుకి కొట్టాను."

కానిస్టేబుల్ అన్నయ్య భుజాల వంక చూసి, "ఇంత ఒళ్ళు పెట్టుకుని ఇదేం పని?" అని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి ఊళ్ళో కథ తయారైపోయింది. ఢిల్లీ జట్టులోంచి తీసేశారట, అందుకని తాగాడట. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు అన్నయ్యతో మామూలుగా మాట్లాడి, గడప దాటాక గుసగుసలాడేవాళ్ళు. అమ్మ నీళ్ళ పంపు దగ్గరికెళ్ళడం మానేసింది. నేను ఎదురుపడిన ప్రతివాళ్ళతోనూ పోట్లాడాను. పోట్లాడేకొద్దీ వాళ్ళకి నమ్మకం పెరిగినట్టుండేది.

డాక్టరు నెలపాటు ఆడొద్దన్నాడు. అన్నయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూశాను. వేళ్ళల్లో పట్టు లేదు.

"ఈసారికి రాలేనని చెప్పెయ్ అన్నయ్యా."

"చెబితే ఏమంటారో తెలుసా? తాగాడు గనకే పోలేకపోయాడంటారు." గ్లాసు కింద పెట్టి, "నేను పోవాలే" అన్నాడు.

కోచ్‌కి జ్వరమొచ్చి తగ్గిందని మాత్రం చెప్పాడట. బస్సెక్కేప్పుడు సంచి నాన్న మోశాడు.

పోటీ రోజున ఎరువుల కొట్టాయన తన కలర్ టీవీ తెచ్చి వసారాలో పెట్టించాడు. నాన్న మందు కొన్నదీ ఆ కొట్లోనే. జనం ఎరువు బస్తాల మీద కూర్చున్నారు. పరుగు పందేలు చూపిస్తూ మధ్యమధ్యలో జావెలిన్ చూపించారు. ఉన్నట్టుండి అన్నయ్య కనిపించాడు. అరచెయ్యి నిక్కరుకి తుడుచుకుంటున్నాడు. ఊరంతా ఈలలు. పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఎడమ కాలు తన్నిపట్టాడు, విసిరాడు. జావెలిన్ అడ్డంగా ఊగుతూ పైకిపోయి, తోక ముందు నేలకి తగిలి పడింది. జడ్జి ఎర్రజెండా ఎత్తాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

వెనకాల నిలబడ్డ నాన్న నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఎర్రజెండా అంటే ఏందే?" అనడిగాడు.

"లెక్కలోకి రాదని నాన్నా."

ఆయన చెప్పులు వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత టీవీలో అన్నయ్యని చూపించలేదు.

తిరిగొచ్చాక మిగతాది తనే చెప్పాడు. రెండోది కూడా అడ్డంగానే పడిందట. మూడోదానికి వేళ్ళ చుట్టూ గట్టిగా ప్లాస్టర్ చుట్టించుకుని విసిరాడట. "ముందు మొనే గుచ్చుకుంది. కొలిచారు. అందరికన్నా వెనకాలే అనుకో" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నేను అన్నయ్య కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పటికింకా వణుకుతూనే ఉంది.

ఎండాకాలానికి పట్టు తిరిగొచ్చింది గానీ, క్యాంపుకి మళ్ళీ పిలుపు రాలేదు. అన్నయ్య కంటే చిన్నవాళ్ళు, గట్టివాళ్ళు వచ్చేశారు. ఉద్యోగం మాత్రం మిగిలింది. ఆ ఉద్యోగాన్ని చూసే పొన్నూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల, పిల్లాడు ఇష్టపడ్డారు. తీరా మాటలకి కూర్చునే వేళకి పిల్ల తండ్రి మా ఊళ్ళో ఎవర్నో వాకబు చేశాడు. "మందు తాగిన అబ్బాయికి పిల్లనెట్లా ఇస్తామండీ" అని కబురంపాడు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో నాన్న లేచాడు. ఎప్పుడూ లేచే మనిషి కాదు. జ్వరం తగ్గిందనో, పిల్లాడు పాసయ్యాడనో చెప్పుకునే చోట, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"మా అబ్బాయి మందు తాగలేదు" అన్నాడు. "నా చేనుకి కొట్టాడు. నేను కొట్టాల్సింది, నాకు బదులు వాడు కొట్టాడు. ఆ చేత్తోనే ఢిల్లీ వెళ్ళాడు. దేవుని ఎదుట చెబుతున్నాను, ఇది నిజం."

అంతే చెప్పి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ అందరూ "స్తోత్రం" అన్నారు. అన్నయ్య మగవాళ్ళ వైపు చివర్న చాప మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

ఆరాధనయ్యాక బయట చెప్పులేసుకుంటుంటే, పెద్ద వీధి ముసలమ్మ ఒకావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. నాన్న మాటలకి అందరికంటే ఎక్కువ కళ్ళు తుడుచుకున్నది ఆవిడే. వంగమని సైగ చేసి, అన్నయ్య తల మీద చెయ్యి పెట్టింది.

"పోనీలే నాయనా, దేవుడు క్షమించాడు. ఇంకెప్పుడూ అట్లాంటి పని చెయ్యమాకు."

నేను నోరు తెరవబోయాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అట్లాగే అవ్వా" అన్నాడు.