తండ్రుల్ని బాబాయిలు చేసిన ప్రోబ్స్ట్ గారు

వియన్నాలో అలోయిస్ ప్రోబ్స్ట్ గారు పాత జర్మన్ నాటకాలను పరిశుద్ధం చేసే సెన్సారు అధికారి. చర్చి నొచ్చుకోకుండా "దేవుడా"ను "ఆకాశమా" చేశారు. రాజ్యంలో దుష్టుడైన తండ్రి ఉండరాదు గనుక అలాంటి తండ్రులందరినీ బాబాయిలుగా దిద్దారు. విప్లవం వచ్చి ఆయన ఉద్యోగాన్నే కొట్టేసింది. ఇప్పుడాయన తన మాట ఒక్కటైనా మిగిలిందేమోనని నాటకాలకు వెళ్లి, ఒడిలో వేలితో గీతలు కొడుతూ కూర్చుంటారు.

ఆ సాయంత్రం ఆడుతున్నది ఆయన ఒకప్పుడు దిద్దిన నాటకమే, ఇప్పుడు సెన్సారు కోతల్లేకుండా. "ఇంకా ఎందుకండీ ఈ యావ? ఆ రోజులు పోయాయిగా!" అంది భార్య వల్‌బుర్గా. కొడుకు వేషాల్లోనే ముసలివాడైన నటుడు తండ్రి మీదికి కత్తి దూసి, ఏళ్ల అలవాటు కొద్దీ "ఓరి దుర్మార్గపు బాబాయ్!" అని గర్జించాడు. హాలంతా గొల్లున నవ్వింది.

ప్రోబ్స్ట్ గారు కళ్లొత్తుకున్నారు. "చూశావుటే? వాడొక్కడే నన్ను మరిచిపోలేదు."