సుగుణ మేడం కుక్కల బడి

పసుపు ఉడికే వాసన మా ఊరు పెర్కిట్ గాలిలో కలవగానే నాకు సుగుణ మేడం గొంతు వినిపిస్తుంది. మొన్న ఆవిడ సంస్మరణ సభలో అందరిదీ ఒకటే మాట, మేడం ఓపికకు మారుపేరని. నేను లేచి కాదన్నాను. ఆవిడ ఓపికంతా కుక్కల మీదే. మనుషుల మీద చిటికెడు కూడా ఉండేది కాదు. ఉండి ఉంటే నేను బాగుపడేదాన్ని కాదు.

ఆటల టీచరుగా రిటైరయ్యాక, ఆదివారం పొద్దున్నే ఒక ఖాళీ కల్లంలో ఆవిడ కుక్కలకు క్లాసు పెట్టేవారు. ముందు చెప్పిన మాట వినడం, అది వచ్చాకే టైర్లలోంచి దూకడం, పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తడం. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వేవారు. "కుక్కలకు గూడ బడేనా?" అని ఒకాయన అడిగితే, "నువ్వు గూడ రా, సీటున్నది," అన్నారు మేడం.

నేను మాత్రం సరదాకు వెళ్లలేదు. మా ఇంటి ఓనరు నర్సవ్వ తన కల్లంలో ఉడికిన పసుపు ఆరబోస్తే, మా కుక్క చిట్టి అందులో పడి పొర్లింది. కొమ్ములు ఇంకా వెచ్చగా ఉన్నాయి, దానికి పరుపులా తోచి ఉంటుంది. తెల్ల కుక్క పచ్చగా తయారై నా ముందుకొచ్చి తోకాడించింది. ఇక బుకాయించడానికి నాకేం మిగిలింది?

"దేవునికి పెట్టే పసుపు గది! కుక్కనన్న ఇడిసిపెట్టు, ఇల్లన్న ఖాళీ చెయ్," అంది నర్సవ్వ. చిట్టిని వదిలేది లేదన్నాను. కానీ కుక్కతో సహా మాకు ఇల్లెవరిస్తారు? అందుకే దాన్ని తీసుకుని మేడం క్లాసుకు వెళ్లాను.

మొదటి క్లాసులో నేను, "కూసో చిట్టీ, కూసో అంటున్న గదా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అంటూనే ఉన్నాను. మేడం దగ్గరికొచ్చారు.

"లలితా, కుక్కకు చెప్తున్నవా, పంచాయితీ పెడ్తున్నవా?"

"ఇనకపోతే ఏం జెయ్యాలె మేడం?"

"నువ్వు ఇననిస్తే గదా! ఒక్కసారి చెప్పు. చెప్పి నోరు మూస్కో."

డిగ్రీ చదివినదాన్ని, వీధిలో ఎవరితోనూ మాట పడనిదాన్ని. ఇంకెవరైనా ఆ మాట అంటే ఊరుకునేదాన్ని కాదు. కానీ నేను మూతి ముడుచుకుని గమ్మునుండగానే చిట్టి కూర్చుంది. నాకు కోపం కుక్క మీద వచ్చింది.

పసుపు ఉడకబెట్టడాలు అయిపోకముందే మేడం నర్సవ్వ దగ్గరికి వెళ్లారు. "చిట్టి చెప్పినమాట ఇంటదని నీ కల్లంలనే చూపిస్తం అవ్వా. పసుపు తొక్కిందనుకో, కుక్కను నేనే తీస్కపోత." నాతో ఒక్క మాటైనా అనకుండానే పందెం కాసేశారు.

పందెం రోజు నర్సవ్వ కల్లంలో అప్పుడే కుమ్మరించిన కొమ్ములు ఆవిర్లు కక్కుతున్నాయి. అటు చిట్టి, ఇటు నేను. పక్కన గోడ వెంట సన్నటి దారి. "రా" అన్నాను. చిట్టి కదిలి, పసుపు అంచున ఆగింది. వాసన చూసింది. ముందు కాలు లేపింది. నా గొంతు దాకా వచ్చిన కేకను పళ్లతో పట్టి ఆపాను. ధైర్యం కోసం మేడం వైపు చూస్తే, ఆవిడ మాకు వీపు తిప్పి రోడ్డు మీద లారీలను చూస్తున్నారు. చిట్టి నన్ను చూసింది. లేపిన కాలు వెనక్కి పెట్టి, గోడ వెంట చుట్టు తిరిగి వచ్చి నా పాదాల దగ్గర కూర్చుంది.

"సరే, ఉండనియ్," అంది నర్సవ్వ. "గని నువ్వు గింతసేపు మాట్లాడకుంట ఉన్నవ్ సూడు, గదే నాకు నవ్వొస్తున్నది."

ఇప్పుడు ఆ క్లాసు నేనే నడుపుతున్నాను. దూరాన ఉన్న ఏర్గట్ల నుంచి కూడా కుక్కలను తీసుకొస్తున్నారు. వచ్చినవాళ్లను నేను తిట్టేది మేడం తిట్లే, ఒక్కటీ మార్చలేదు. ఒక మాట చెప్పి ఆగడం, ఎదుటి ప్రాణికి ఆలోచించుకునే జాగా ఇవ్వడం నాకు ఆవిడిచ్చిన ఆస్తి. నోటి దురుసు మాత్రం నా సొంతం, దాన్ని వదులుకోలేదు.

ఒక్కటే తేలలేదు. ఎప్పుడడిగినా మాట మార్చేసేవారు. ఆ రోజు కల్లంలో మేడం అట్లా వీపు తిప్పి నిలబడ్డది నా మీద నమ్మకంతోనా, చూడలేకనా?